చీకటి గదిలో నా కొలువు

నేనొక మౌస్‌ను. 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకు బిల్ ఇంగ్లిష్ చెక్కతో రూపమిచ్చిన మౌసే మా మూలపురుషుడు. ఆయనకు ఒకటే బటన్. నాకు రెండు బటన్లు, నడుమ ఒక చక్రం. గుంటూరులోని ఒక ఆసుపత్రిలో, రేడియాలజీ డాక్టర్లు స్కాన్లు చదివే చీకటి గదిలో నా కొలువు.

మామూలు కంప్యూటర్ దగ్గర కుడి బటన్ నొక్కితే మెనూ వస్తుంది. ఇక్కడ ఏ బటన్‌కు ఏ పనో, స్కాన్లు చూపే వ్యూయర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో డాక్టర్లే పెట్టుకోవచ్చు. మా మేడమ్‌గారు ఎడమ బటన్‌కు విండోయింగ్, కుడి బటన్‌కు జూమ్ ఇచ్చారు. చక్రం నొక్కిపట్టి లాగితే బొమ్మ జరుగుతుంది. తిప్పితే స్లైసులు వరసగా కదులుతాయి.

నాకు ప్రాణమైన పని విండోయింగ్. సీటీ బొమ్మలో ప్రతి చుక్కకూ హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఒక విలువ ఉంటుంది. నీరు 0, గాలి మైనస్ 1000, గట్టి ఎముక 1000కి పైమాటే. అన్నీ ఒకేసారి తెరమీద పరిస్తే తేడాలు కంటికి ఆనవు. అందుకే కావలసిన మేరకే విలువలు తీసుకుని నలుపు తెలుపుల మధ్య సర్దుతారు. మెదడుకు ఆ మేర వెడల్పు 80, మధ్యబిందువు 40 వాడుక. ఊపిరితిత్తులకైతే 1500, మైనస్ 600. ఎడమ బటన్ నొక్కి నన్ను అడ్డంగా లాగితే వెడల్పు, నిలువుగా లాగితే మధ్యబిందువు మారతాయి.

ఒక రాత్రి రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన కుర్రాడి స్కాన్ వచ్చింది. వెడల్పు 80 దగ్గర అంతా బాగానే ఉన్నట్టుంది. మేడమ్‌గారు నన్ను మెల్లగా అడ్డంగా జరిపారు. 200 దాటేసరికి, పుర్రె తెలుపులో కలిసిపోయిన సన్నని నెత్తుటి పొర విడిగా తేలింది. ఆమె కన్ను బొమ్మ మీంచి కదల్లేదు. వెంటనే న్యూరోసర్జన్‌కు ఫోన్ వెళ్లింది.

కానీ అప్పట్లో అందరికీ ఒకటే లాగిన్, ఒకటే అమరిక. కుడి బటన్‌తో విండోయింగ్ అలవాటైన డాక్టరుగారు డ్యూటీకి వస్తే, నొక్కిన ప్రతిసారీ బొమ్మ పెద్దదయ్యేది. ఆయన చూపు బొమ్మ వదిలి టూల్‌బార్ మీదికి పోయేది. ఇప్పుడు ఎవరి లాగిన్ వారిది, ఎవరి అమరిక వారిది. కూర్చోగానే నా బటన్లు వారి చేతి అలవాటుకు మారిపోతాయి.

డాక్టర్లూ, కొత్త వ్యూయర్ వచ్చిన రోజే సెట్టింగులు తెరవండి. బటన్లకు మీ అలవాటు ప్రకారం పనులు అప్పగించి, మీ పేరుతో సేవ్ చేసుకోండి. మా వైపు చూడాల్సిన పని మీకు పడకూడదు; మీ చూపంతా రోగికే దక్కాలి.