జీరో చూసుకోండి సార్

మన్సూరాబాద్‌లో ఇల్లు, హయత్‌నగర్ అవతల ఉద్యోగం. ఇలాంటివాడికి సూర్యుడు రోజుకు రెండుసార్లు ఎదురొస్తాడు. పొద్దున తూర్పుకు పోతుంటే కళ్లలోకే, సాయంత్రం పడమరకు వస్తుంటే మళ్లీ కళ్లలోకే. ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి పోయేవాళ్లు ట్రాఫిక్ గురించి ఎంతైనా ఏడవనీ, వాళ్లకు రెండు పూటలా సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. అదొక సుఖమని చెప్పినా వాళ్లు ఒప్పుకోరు.

కంటికి ఏదో ఒకటి అడ్డం పెట్టుకోవాలి. ఏది పెట్టుకోవాలన్నదే తంటా. హెల్మెట్‌కు నల్ల వైజర్ వేయిస్తే ఎండకు హాయి. చీకటిపడ్డాక బయల్దేరితే మాత్రం ఆటోనగర్ దగ్గర ముందున్నది లారీయో, లారీ నీడో తేలదు. వైజర్ పైకెత్తి నడిపితే పనామా చౌరస్తా వచ్చేసరికి కంట్లో దుమ్ము, దాంతోపాటు పురుగు. తెల్ల వైజర్ రాత్రికి బంగారం, పొద్దున దండగ. మెర్క్యురీ వైజర్ అని రంగురంగులుగా మెరిసేది ఇంకోటుంది. అందులోంచి మనకేం కనిపిస్తుందో గానీ, ఎదుటివాడు మాత్రం అందులో చూసి తల దువ్వుకోవచ్చు.

ఎండలోకి వస్తే వాటంతటవే నల్లబడే అద్దాలు వేయించుకోమన్నారు. వేయించాను. అవి నల్లబడేది అతినీలలోహిత కిరణాలకట. ఆ కిరణాల్ని వైజర్ ముందే ఆపేస్తుంది. కాబట్టి బండి మీద ఉన్నంతసేపూ అద్దాలు తెల్లగానే ఉంటాయి. బండి దిగి, హెల్మెట్ తీసి, కూరగాయల బండి ముందు నిలబడగానే నల్లబడి, లేత బెండకాయేదో ముదురు బెండకాయేదో తెలియనివ్వవు. వేడెక్కితే వాటి నలుపు కూడా తగ్గుతుంది. అంటే చలికాలమంతా శ్రద్ధగా పనిచేసి, ఎండలు ముదరగానే మన బడుల్లా ఒంటిపూటకు దిగుతాయన్నమాట.

డెన్వర్‌లో ఉండే మేనల్లుడికి ఈ గోడు వెళ్లబోసుకున్నాను. "మామా, మాకు ఈ బాధ లేదు" అంటూ మంచు మీద స్కీయింగ్‌కు పెట్టుకునే గాగుల్స్ ఫొటో పంపాడు. వాటికి అయస్కాంతం ఉంటుంది. గ్లవుజు తీయకుండానే ఒక అద్దం ఊడదీసి ఇంకోటి తగిలించుకోవచ్చు. ఎండ కాస్తే కేటగిరీ 3, నూటికి 8 నుంచి 18 వంతుల వెలుతురే లోపలికొస్తుంది. అంతకన్నా ముదురైన కేటగిరీ 4 వేసుకుని రోడ్డు మీద బండి నడపనే కూడదు. మబ్బు పడితే గులాబీ రంగు అద్దం. మబ్బు వేళ నీడలుండవు, మంచూ ఆకాశమూ ఒకే తెలుపైపోయి ముందున్న గుంత గుంతలా కనిపించదు. గులాబీ అద్దం ఆ కాస్త తేడాను పట్టిస్తుంది. "ఒరే, అది మా కాలనీ స్పీడ్ బ్రేకరేరా!" అన్నాను. తెల్ల గీతల్లేని స్పీడ్ బ్రేకర్ మునిమాపు వేళ కంటికి తెలియదు, నడుముకు తెలుస్తుంది. సరదాగా కొండ మీంచి జారేవాడికి రెండు అద్దాలు. పొట్టకూటికి పోయేవాడికి గీతలు పడ్డ వైజర్ ఒకటి.

ఆ ఉక్రోషంతోనే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్లద్దాల షాపుకు వెళ్లాను. అక్కడి చేప సంగతి చెప్పి తీరాలి. కుర్రాడు ఒక కార్డు చూపించాడు. "ఏమన్నా కనిపిస్తోందా సార్?" నీళ్లు. "ఇప్పుడు ఇది పెట్టుకొని చూడండి." చేప! "చేప కనిపించిందంటే అసలు పోలరాయిడ్ సార్" అన్నాడు. ఇంతలో పక్కనున్నాయన "ఏదన్నా, నన్ను చూడనీ" అని అద్దాలు లాక్కున్నాడు. ఆయన కొడుకు రెండుసార్లు చూశాడు. బొచ్చెనా, రవ్వనా అని చర్చ లేచింది. కొరమీను కాదని నేను చెప్పగలిగాను, తల ఆకారం అది కాదు. షాపతను తీర్పు చెప్పకుండా బిల్లు రాశాడు.

అమెరికాలో ఎడ్విన్ లాండ్ అనే ఆయన 1929 ప్రాంతంలో కనిపెట్టిన రేకు ఈ పోలరాయిడ్. నీళ్ల మీదా, తారురోడ్డు మీదా పడి తిరిగొచ్చే మెరుపును నిజంగానే ఆపుతుంది. చిక్కేమిటంటే, ఎల్‌సీడీ తెరలోనూ అలాంటి రేకే ఉంటుంది. రెండూ ఒకదానికొకటి అడ్డంగా కలిస్తే మిగిలేది నలుపే. పెట్రోలు బంకులో అబ్బాయి "జీరో చూసుకోండి సార్" అన్నాడు. చూశాను. జీరో లేదు. అసలు అంకెలే లేవు. తల కుడి భుజం మీదికి వాల్చాక ఒక్కొక్కటే పైకి తేలాయి, అప్పటికే నూరు దాటింది. ఇప్పుడు నన్ను చూడగానే ఆ అబ్బాయే ముందు తల వాలుస్తున్నాడు. విజయవాడ హైవే మీద మాత్రం ఇంతవరకు నాకు ఒక్క చేపా ఎదురుపడలేదు.

ఎదురుపడేవి హైబీములు. కంపెనీ ఇచ్చిన లైటు చాలదని, దానికింద ఇంకో రెండు ఎల్‌ఈడీలు బిగించుకుంటున్నారు. వీళ్లకు రోడ్డు కనిపించాలి, మనకేమీ కనిపించకూడదు. దీనికి మందుగా పసుపుపచ్చ 'నైట్ విజన్' అద్దాలు అమ్ముతున్నారు. ఉన్న కాస్త వెలుతురులోనూ అవి కొంత మింగేస్తాయి, చూపేమీ పెంచవు.

మా నాన్న ఒక వయసు వచ్చాక చీకటిపడితే స్కూటర్ బయటికి తీయలేదు. ఎందుకంటే "రాత్రిపూట పనేముంటుందిలే" అనేవాడు. ఎదుటి లైటు పగిలి ముక్కలుగా కనిపిస్తోందని ఎవరికీ చెప్పలేదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పితే, గోడకు వేసిన సున్నం ఇంత తెల్లగా ఉందా అని అడిగాడు. కంట్లో పుట్టుకతో వచ్చిన లెన్సు ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే పచ్చబడుతుంది. దాన్ని ఊడదీసి మార్చుకోవడానికి అయస్కాంతం లేదు. నాకూ ఈమధ్య రాత్రిపూట పనులు తగ్గుతున్నాయి.

చివరికి తేల్చుకున్నది ఇది. హెల్మెట్‌కు తెల్ల వైజర్, గీత పడగానే కొత్తది. పగటికి పవర్ వేయించిన కూలింగ్ గ్లాసులు, సూర్యుడు దిగగానే అవి జేబులోకి, మామూలు అద్దాలు ముక్కు మీదికి. నా వైపు పని అయిపోయింది. ఎదురొచ్చే అన్నలారా, తమ్ముళ్లారా, మీ పని మీ ఎడమచేతి బొటనవేలి దగ్గరే ఉంది. డిమ్ కొట్టండి.