మార్జాల దంతధావన వాక్యం: సటీకం, సతాత్పర్యం

అవతారిక. కోలాచల మల్లినాథసూరి మనవాడే, మెతుకుసీమ వాడు. కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాస్తూ ఆయన ఒక ఒట్టు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. అందులో మొదటి సగానికి మాత్రం నేను పూచీ పడగలను.

నేను వ్యాఖ్యానించబోయే మూలం కావ్యం కాదు. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి కొరియర్లో వచ్చిన చిన్న పెట్టెలోని కాగితం. పెట్టెలో పిల్లికి పళ్ళు తోమే బ్రష్షు, ఒక పేస్టు గొట్టం, ఎనిమిది మడతల ఈ కాగితం ఉన్నాయి. పిల్లి పేరు మినుము. మా కోడలి పుట్టిల్లు దివిసీమ. అక్కడ వరికోతకు రెండు మూడు రోజుల ముందు చేలో చల్లే మినుమంత నల్లగా ఉందని ఆ పేరు పెట్టింది.

మూలం: 'పోషకులు ప్రథమతః తమ మార్జాలముతో విశ్వాసపూర్వక బాంధవ్యమును సంస్థాపించుకొని, తదనంతరము మౌఖిక ఆరోగ్య పరిరక్షణా ప్రక్రియను అనుదినము సక్రమరీతిని అవలంబించవలెను.'

ప్రతిపదార్థం. అనుదినము అనగా రోజూ. మిగిలినవి స్పష్టము. (స్పష్టం కానిచోట స్పష్టమని రాసి దాటిపోవడం వ్యాఖ్యాతలకు తాతలనాటి హక్కు.)

విశేషాంశాలు. పోషకులు అనే మాట మన సాహిత్య సభల రసీదు పుస్తకాల్లో మహారాజ పోషకులకూ జీవిత సభ్యులకూ మధ్య వస్తుంది. కాబట్టి ఇక్కడ పిల్లి కవి, మేము ప్రభువులం అని ధ్వని. అనుభవం మాత్రం తలకిందులు. పల్లకీ మేమే మోస్తున్నాం.

మార్జాలము. ఇక్కడ కొంచెం ఆగాలి. అమరసింహుడు పిల్లికి అయిదు పేర్లు చెప్పాడు. వాటిలో వృషదంశకం అంటే ఎలుకల్ని కొరికేది, ఆఖుభుక్కు అంటే ఎలుకల్ని తినేది. అయిదింట రెండు పేర్లు పళ్ళ పనిమీదే పుట్టాయి. ఇక మార్జారానికి ధాతువు మృజ్, తుడవడం అని అర్థం. సమ్మార్జని అనే చీపురూ, సంధ్యావందనంలోని మార్జనమూ, ప్రూఫులు దిద్దేవాళ్ళ పరిమార్జనమూ ఆ ధాతువు పిల్లలే. ఎప్పుడు చూసినా ఒళ్ళు నాక్కుని తుడుచుకునేది గనక మార్జారం. రలలకు భేదం లేదు గనక మార్జాలం. దాని నాలుక మీద గొంతువైపు వంగిన సన్నని ముళ్ళుంటాయి. దువ్వెనా అదే, తువ్వాలూ అదే. మరి తుడుచుకునేదాన్ని తుడవమనడం పునరుక్తి దోషం కాదా అని పూర్వపక్షం. కాదని సిద్ధాంతం. ఆ నాలుక ఒళ్ళంతా అందుకుంటుంది, పళ్ళ లోపలివైపు కూడా కొంత చూసుకుంటుంది గానీ, బుగ్గవైపు పళ్ళ మీద పేరుకున్నదాన్ని వదిలించలేదు. మనిషి వేలికి పని అక్కడే.

అయిదింటిలో నాకు ప్రాణమైన పేరు ఓతువు. అకారం మీద ఓకారం వస్తే వృద్ధి జరిగి ఔకారం కావాలి. ఇది బళ్ళో పిల్లలకూ తెలుసు. అయితే కాత్యాయనుడు ఒక వార్తికం చేసి, సమాసంలో రెండు శబ్దాలకు మాత్రం ఆ వృద్ధి ఐచ్ఛికం అన్నాడు. ఒకటి ఓతు శబ్దం, రెండోది ఓష్ఠ శబ్దం. బలిసిన పిల్లిని స్థూలోతువు అనవచ్చు, స్థూలౌతువు అనీ అనవచ్చు. దొండపండు పెదవి బింబోష్ఠమూ అవుతుంది, బింబౌష్ఠమూ అవుతుంది. ఇంత పెద్ద భాషలో ఓకారంతో మొదలయ్యే మాటలు ఇంకెన్నో ఉండగా, పిల్లినీ పెదవినీ పట్టుకొచ్చి ఒకే సూత్రానికి ఎందుకు కట్టాడు? వైయాకరణులు చెప్పే జవాబు ప్రయోగాలు అలా కనపడ్డాయి గనక అని. నాకు ముప్ఫై ఏళ్ళపాటు అది చాలింది. మినుము వచ్చాక చాలలేదు. పిల్లి పళ్ళు తోమడానికి దాని నోరు తెరవనక్కర్లేదు. బొటనవేలితో పెదవి కాస్త పైకెత్తితే చాలు. ఓతువు, ఓష్ఠం. కాత్యాయనుడి ఇంట్లో పిల్లి ఉండి తీరాలి. ఆ ఐచ్ఛికం కూడా అనుభవంలోంచి వచ్చినదే: చెయ్యీ పిల్లీ సమాసమైనప్పుడు పళ్ళు శుభ్రం కావడమూ ఉంది, చెయ్యి రక్కుపడడమూ ఉంది. రెండు రూపాలూ సాధువులే.

ఈ ముక్క మా కోడలికి చెబుతుంటే మధ్యలో అంది: "మావయ్యగారూ, బానే ఉంది గానీ, ఆ కాగితంలో పళ్ళెక్కడున్నాయండీ?"

వెతికాను. లేవు. పిల్లికి పైదవడను 16, కిందిదవడను 14, మొత్తం 30 పళ్ళుంటే, వాటికోసం రాసిన మూలవాక్యంలో ఒక్కటీ లేదు. తోమడమూ లేదు. ఇంత బోసినోటి వాక్యానికా నేను వ్యాఖ్య రాయడం!

మౌఖికము. తెలుగులో మౌఖికం అంటే నోటితో చెప్పేది. మౌఖిక పరీక్ష, మౌఖిక ఆదేశం. కాబట్టి మౌఖిక ఆరోగ్యం అంటే కాగితం మీద లేకుండా మాటల్లో మాత్రమే ఉండే ఆరోగ్యం. ఆస్పత్రి వరండాల్లో అలాంటిది మనకు అలవాటే. పిల్లికి మౌఖిక పరీక్ష పెడితే అది ఒకే జవాబు చెబుతుంది.

మూలకర్త మరోచోట దంతఫలకము అన్నాడు, ఖనిజీకృత నిక్షేపము అన్నాడు. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆ రెండింటికీ మన ఇళ్ళల్లో చక్కటి మాటలున్నాయి. మొదటిది పాచి, రెండోది గార. పొద్దున్నే పందుంపుల్ల నమలని నోట్లో ఉండేది పాచి, తోమితే పోతుంది. దాన్ని వదిలేస్తే ఉమ్మిలోని ఖనిజాలు చేరి కొద్దిరోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది, అది బ్రష్షుకు లొంగదు. ఈ తేడా మా అమ్మమ్మకు తెలుసు. అదే ఈ వైద్యానికంతటికీ కీలకం. దాన్ని రెండు సమాసాల కింద పాతిపెట్టారు.

జరిగింది చెబుతాను. గొట్టం మీద 'కుక్కుట స్వాదయుక్తము' అని ఉంది. కోడిమాంసం రుచి అని అర్థం. నేను బందరులో ఒక సభలో ఉన్నాను. కోడలు కుక్కుట అన్నది చూసి ఇది కుక్కలది, పొరపాటున వచ్చింది అనుకుని కింది వాటా వాళ్ళ కుక్కకు ఇచ్చేసింది. కాగితంలో 'మానవోపయోగ లేపనములు నిషిద్ధములు' అని కూడా ఉంది. లేపనం అంటే అమృతాంజనం లాంటిది కాబోలనుకుని, మేం రోజూ వాడే పేస్టే బ్రష్షు మీద వేసింది. మనం తోముకుని ఉమ్మేస్తాం. పిల్లికి ఉమ్మడం రాదు, మింగుతుంది. ఆ నురగా ఫ్లోరైడూ దాని కడుపుకు పడవు. మినుము నురగలు కక్కుకుంటూ అటకెక్కి రెండు రోజులు దిగలేదు.

ప్రకాశం బరాజు దాటి కాలవ వెంట వెళితే తెనాలి వస్తుంది. ఆ ఊరి రామకృష్ణకవి పిల్లికి మొదటిరోజే కాగే పాలు పెట్టాడని, ఆ తర్వాత అది పాలగిన్నె కనపడితే పరుగెత్తేదని కథ. రాయలవారు నవ్వారట. మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. బ్రష్షు చూస్తే పారిపోయే పిల్లిని ఏడాది పాటు ఎవరమూ ముట్టుకోలేదు. తర్వాత అది ఒకవైపే నమలడం, తింటూ తింటూ ముద్ద జారవిడవడం, దగ్గరకొస్తే నోరు కంపు కొట్టడం. పశువుల డాక్టరు పెదవెత్తి చూసి, "పాచిగా ఉన్నప్పుడే తోమితే పోయేదమ్మా. ఇప్పుడు గార. మత్తిచ్చి గీకాలి" అన్నాడు. ఎంత చక్కటి తెలుగు! గీకాక రెండు పళ్ళు నిలవవని తేలి తీసేశాడు.

విశ్వాసపూర్వక బాంధవ్యము అంటే ఏమిటో అప్పుడు బోధపడింది. వైష్ణవులు చెప్పే మార్జాల కిశోర న్యాయంలో పిల్లి తన కూనను పళ్ళతోనే కరిచి మోస్తుంది, కూనకు గాటు పడదు. ఆ పళ్ళకు అంత నెమ్మది తెలుసు. మనమే తొందరపడతాం.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కాగితం రాసిందెవరో నాకు తెలియదు గానీ, ఆ తెలుగు నాకు తెలుసు. నలభై ఏళ్ళు పిల్లల చేత దిద్దించింది అదే. 'పళ్ళు తోముకొనుట' అని రాసినవాడికి మార్కు తగ్గించి, 'దంతధావనము' అన్నవాడికి వేశాను. మా అపార్టుమెంటు నీళ్ళ నోటీసు కూడా నేనే రాస్తాను. పోయిన వేసవిలో 'జలసరఫరా అంతరాయము' చదివి నీళ్ళు వస్తాయనుకున్న వాళ్ళున్నారు.

తాత్పర్యం. రోజూ పిల్లి పళ్ళు తోమండి. మొదటి వారం బ్రష్షు జోలికి పోవద్దు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేప నీళ్ళలో వేలు ముంచి నాకనివ్వండి. తర్వాత వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, పెదవెత్తి, బయటివైపు మాత్రం, చిగురు అంచున రుద్దండి. పైదవడ వెనక పళ్ళకు గార ముందు పడుతుంది, అక్కడ మొదలుపెట్టండి. అర నిమిషం చాలు. విదిలించుకుంటే వదిలేయండి, రేపుంది. మనుషుల పేస్టు వద్దు. చిగురు ఎర్రబడినా, ముద్ద జారవిడిచినా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

మినుముకు ఇప్పుడు 28 పళ్ళున్నాయి.