బిళ్ల శాస్త్రం: ఫుట్‌బాల్ కాండ

ఒంటి మీద బల్లి పడితే ఏమవుతుందో చెప్పడానికి మనకు శాస్త్రముంది. పుట్టుమచ్చలకుంది, తుమ్ములకుంది, కాకి ఏ దిక్కున అరిచిందన్నదానికీ ఉంది. ఫుట్‌బాల్ ఆటగాడి చొక్కా మీద, సరిగ్గా గుండె ఉన్నచోట కుట్టే బిళ్లకు మాత్రం తెలుగులో శాస్త్రం లేదు. ఆ లోటు పూడ్చడమే ఈ గ్రంథకర్త సంకల్పం. పరిశోధనకు గుంటూరు, ప్రకాశం సీమల పత్తి, మిరప మైదానాన్ని ఎంచుకున్నాం. అక్కడ పేరుమోసిన ఫుట్‌బాల్ క్లబ్బు ఒక్కటీ లేదు కదా అని ఎవరైనా ఆక్షేపిస్తే, ఎంచుకున్నది అందుకే. సొంత జట్టు ఉన్నవాడు పక్షపాతి. జట్టు లేనివాడే శాస్త్రకారుడు.

శాస్త్రమన్నాక ముందుగా నాలుగు సంగతులు తేలాలి. విషయం: బిళ్ల. ప్రయోజనం: బిళ్లల మీద జరిగే తగాదాలు ఇకనుంచైనా సప్రమాణంగా జరగడం. సంబంధం: కలెక్టరు కచేరీలో బంట్రోతుకూ అతని బిళ్లకూ ఉన్నదే. బంట్రోతులు మారతారు, బిళ్ల మారదు. జనం దండం పెట్టేది దేనికో అందరికీ తెలుసు. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు: చిలకలూరిపేటలో మంచం మీద పడుకుని, అర్ధరాత్రి దాటాక సెల్‌ఫోనులో లండన్ మ్యాచ్ చూసి, తెల్లారి టీకొట్టు దగ్గర "మనోళ్లు ఓడిపోయార్రా" అని దిగులుపడే కుర్రవాడు.

ఇదంతా ఊసుపోని వ్యవహారమనుకునేవారు ఒకసారి స్కాట్లాండు వైపు చూడాలి. అక్కడ లాంఛనాలకు, అంటే డాళ్ల మీది వంశచిహ్నాలకు, ఒక న్యాయస్థానమే ఉంది. లార్డ్ లయన్ అనే అధికారి దానికి పెద్ద. తమ అనుమతి లేకుండా వంశముద్రను పోలిన బిళ్ల ధరిస్తున్నారని ఎయిర్ యునైటెడ్ అనే చిన్న క్లబ్బును ఆ కచేరీ 1592 నాటి చట్టం చూపించి నిలదీసింది. చివరికి క్లబ్బు బిళ్ల మార్చుకుంది. మన దగ్గర ట్రాక్టరు తొట్టి వెనక సింహం వేయించుకోవాలంటే పెయింటరు ఒప్పుకుంటే చాలు.

వర్ణ ప్రకరణం

సూత్రం: లోహం మీద లోహం, రంగు మీద రంగు పడరాదు.

యూరపు లాంఛన విద్యకు ఇది మూలస్తంభం. అక్కడ బంగారం, వెండి లోహాలు. బొమ్మలో పసుపు, తెలుపు వాటికి ప్రతినిధులు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. తల నుంచి కాలి దాకా ఇనుము తొడుక్కున్న యోధుడు మనవాడో పగవాడో దూరం నుంచి పోల్చుకోవాలంటే, డాలు మీద లేతా ముదురూ ఎదురెదురుగా నిలవాలి. పోల్చుకోలేకపోతే ప్రాణం పోతుంది గనక సూత్రం గట్టిగా నిలబడింది.

మన మైదానం ఈ సూత్రాన్ని సగమే పాటిస్తుంది. నల్లరేగడిలో పగిలిన పత్తి: నలుపు మీద వెండి, నిర్దోషం. దుగ్గిరాల పసుపు ఏ నేల మీద పోసినా బంగారమే, అదీ నిర్దోషం. కల్లంలో నల్లనేల మీద ఆరబోసిన మిరపకాయలు: రంగు మీద రంగు, ఘోరమైన దోషం. రైతులు కింద పట్టా పరిచి దీనికి పరిహారం చేస్తున్నారు గాని, ఆ పట్టా నీలంది అయినప్పుడు దోషం అలాగే ఉండిపోతోంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు సంగతి వేరు. నల్లటి రాతిలో బంగారు చుక్కలు చల్లినట్టుంటాయి. రంగు మీద లోహం చల్లడాన్ని యూరపు పండితులు ప్రత్యేక అలంకారంగా గుర్తించారు. వారు డాలు మీద గీసి చూపిందాన్ని చీమకుర్తివారు క్వారీలో తవ్వి తీసి ఓడలకెక్కిస్తున్నారు. నీలం ఒక్కటే మన చేలలో పండదు. చెల్సీ అభిమానులు సూర్యలంక దాకా వెళ్లి సముద్రాన్ని చూసి తృప్తిపడాలి.

ప్రతీక ప్రకరణం

సూత్రం: చేజారినదే చిహ్నం.

బిళ్ల మీద ఊరిలో ఉన్నదే ఉంటుందని పామరులు అనుకుంటారు. శాస్త్రం అందుకు విరుద్ధం. ఊరికి దక్కకుండా పోయినదే బిళ్ల ఎక్కుతుంది. దృష్టాంతాలు చూడండి.

ఆర్సెనల్ బిళ్ల మీద ఫిరంగి ఉంటుంది. 1886లో వుల్‌విచ్‌లోని ఆయుధాల కర్మాగారంలో పనిచేసేవారు పెట్టుకున్న క్లబ్బు అది. 1913లో క్లబ్బు ఆ పేటను వదిలి ఉత్తర లండన్‌లో కొత్త కాపురం పెట్టింది. కర్మాగారం వెనకే ఉండిపోయింది, ఫిరంగి మాత్రం చొక్కా పట్టుకుని వెంట వచ్చింది. వెస్ట్‌హామ్ బిళ్ల మీద అడ్డంగా రెండు సుత్తులు. థేమ్స్ ఒడ్డున ఓడలు కట్టే ఇనుప కార్ఖానావాళ్లు 1895లో మొదలుపెట్టిన జట్టుకు అది వారసురాలు. కార్ఖానా 1912లో మూతపడింది. ఇప్పుడా సుత్తులతో కొట్టడానికి మేకు కూడా లేదు.

టాటెన్‌హామ్ కోడి మరీ విశేషం. ఇంగ్లండులో 1835లో చట్టం కోడిపందేలను నిషేధించింది. 1882లో పుట్టిన క్లబ్బు ఆ తర్వాతే కాలిముల్లు ఉన్న పందెంకోడిని బంతి మీదికి ఎక్కించింది. రియల్ మాడ్రిడ్ కిరీటం ఈ సూత్రానికి మకుటాయమానం. 1920లో స్పెయిన్ రాజు పదమూడో అల్ఫోన్సో ఆ క్లబ్బుకు కిరీటం ప్రసాదించాడు. 1931లో రాజు దేశం వదిలిపోయాడు, బిళ్ల మీద కిరీటమూ దిగింది. 1941లో కిరీటం తిరిగొచ్చింది. రాజు? ఆ ఏడాదే రోమ్‌లో చనిపోయాడు. సింహాసనం మీద మళ్లీ రాజు కూర్చోవడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో రాచరికం మొత్తం ఒక ఫుట్‌బాల్ చొక్కా మీదే బతికింది.

లివర్‌పూల్ పక్షిని ఉత్తమోత్తమ చిహ్నంగా పరిగణించాలి. అది ఎన్నడూ ఏ చెట్టు మీదా వాలలేదు. లేనిదాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు.

స్వదేశ ప్రకరణం

ఈ సూత్రం యూరపువారి సొత్తని భ్రమపడనక్కరలేదు. వేంగి చాళుక్యుల రాగిశాసనాల ముద్ర మీద వరాహముంది. వారు పోయాక ఆ వరాహమే కాకతీయుల ముద్ర మీద కనిపించింది. వారూ పోయాక విజయనగరంవారు దానికి పక్కన కత్తీ, పైన సూర్యచంద్రులనూ చేర్చి కొనసాగించారు. రాజ్యాలు దిగిపోతుంటే వరాహం మాత్రం దిగలేదు. పల్నాటిలో సంగతి ఇంకా స్పష్టం. వీరులు కారెంపూడి యుద్ధంలో పోయారు, కొణతాలనే వారి ఆయుధాలు మిగిలాయి. ఏటా కార్తీకంలో ఆచారవంతులు వాటిని పట్టుకుని కారెంపూడి చేరతారు. మనిషి పోయాక ఆయుధం గుర్తుగా నిలవడమే లాంఛన విద్యకు పునాది.

ఆధునిక కాలంలో ఈ మైదానం నుంచి బిళ్ల ఎక్కినవి మూడు.

మొదటిది ఒంగోలు గిత్త. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు 'వీర' అనే పేరుతో అది చిహ్నమైంది. అప్పటికే చేలో నాగలిని ట్రాక్టరు లాక్కుంది. గిత్త సంతానమేమో ఎప్పుడో సముద్రం దాటి బ్రెజిల్ చేరి, నెలూరె అన్న పేరుతో ఆ దేశపు పచ్చికంతా ఆక్రమించింది. వయాటినా-19 అనే ఆవుకు అక్కడ 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరైన దేశానికి మనం ఎద్దునిచ్చాం. వారు మనకు ఫుట్‌బాల్ నేర్పలేదు. దక్షిణ అమెరికా నుంచి మిరపకాయ అంతకు ముందే వచ్చేసింది గనక లెక్క సరిపోయిందని కొందరి వాదం.

రెండోది పూర్ణఘటం. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పరీతిలో ధర్మచక్రం గీయించి, నడుమ పూర్ణఘటాన్ని నిలిపి రాజముద్రగా తీసుకుంది. ఆ రీతికి ఆధారమైన స్తూపం దగ్గరికి మెకంజీ దొర 1797లో వచ్చాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించాడు. 1859లో శిల్పాలు లండన్ చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఫలకాలు అక్కడ, ముద్ర ఇక్కడ. సూత్రానికి ఇంతకన్నా శుద్ధమైన ఉదాహరణ దొరకదు అనుకుంటుండగా మూడోది దొరికింది.

అది కోహినూరు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఈ వజ్రం చేతులు మారి మారి, 1849లో లాహోరు ఒప్పందంతో ఇంగ్లండు రాణి పరమైంది. ఇప్పుడు లండన్ టవర్‌లో కిరీటంలో ఉంది. వజ్రం పోతే పోయింది, అది దొరికిన చోటైనా ఉందా అంటే, కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. అర్హతలన్నీ ఇలా పూర్తయ్యాక, 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. తన బిళ్లను కోహినూరునూ చార్మినార్ మీనారునూ తలపించేలా గీయించుకుంది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. పోయినదాన్ని గుండె మీద పెట్టుకున్న క్లబ్బు పోయినదాని దారే పట్టింది. చార్మినార్ మాత్రం ఇంకా ఉన్నచోటే ఉంది. శాస్త్రానికి మిగిలిన చిక్కు అదొక్కటే. దాన్ని పరిష్కరించాలని ఎవరూ ఉత్సాహపడవద్దని మనవి.

ఎన్నికల గుర్తుల జోలికి ఈ గ్రంథం పోదు. గ్రంథకర్త ఈ జిల్లాల్లోనే కాపురం చేయాలి.

పూర్వపక్షం

ఇక్కడ పల్నాటి యువకుడొకడు లేచి, "కోడిపందెంలో మాచర్లవాళ్ల రాజ్యమే పోయింది కదండీ, మరి మా కోడికి బిళ్ల ఎందుకు రాలేదు?" అంటాడు. అబ్బాయీ, రాజ్యం పోయింది గాని కోడి పోలేదు. చట్టం మన దగ్గరా ఉంది. అయినా సంక్రాంతికి కోడి కత్తి కట్టుకుని వస్తూనే ఉంది. వస్తున్నంతకాలం దానికి బరే గాని బిళ్ల లేదు.

అతను కూర్చోగానే మిర్చి యార్డు నుంచి ఒక పెద్దాయన అందుకుంటాడు: "అయ్యా శాస్త్రిగారూ, మిరపకాయ మాటేంటి? అదీ ఓడెక్కి వచ్చిందే. మా తేజాకాయ చైనా పోతోంది. రావడమూ పోవడమూ రెండూ ఉన్నాయి కదా, దానికి బిళ్లేదీ?"

సమాధానం: పోవడమంటే తిరిగిరాకపోవడం. మిరపకాయ ఏటా కోతలయ్యాక టిక్కీలు టిక్కీలుగా గుంటూరు యార్డుకు తిరిగి వస్తుంది. 334 అయినా తేజా అయినా లారీ దిగిందంటే ఊరంతా తుమ్ముతుంది. కళ్లెదుట ఉన్నదానికి, ముక్కుకు తగులుతున్నదానికి గుర్తు ఎందుకు?

"కాయ వస్తోంది సరేనండీ, ధర పోయిందిగా?"

ఈ ప్రశ్నకు శాస్త్రం తడబడుతుంది. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన ధర, 2025కు కూలిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని రూ.11,781 ఖాయం చేయాల్సి వచ్చింది. పోయినది చిహ్నానికి అర్హమే గనక ధరను నిస్సంకోచంగా బిళ్ల మీద వేసుకోవచ్చు. చిక్కల్లా బొమ్మలోనే. పోయిన ధర ఏ ఆకారంలో ఉంటుందో గీయగల చిత్రకారుడు కావాలి. రైతు మొహం గీస్తే సరిపోతుందని పెద్దాయన సూచన. పరిశీలనలో ఉంది.

సిద్ధాంతం, ఫలశ్రుతి

దీన్నిబట్టి తేలేదేమంటే, బిళ్ల ఆస్తుల జాబితా కాదు, నష్టాల చిట్టా. దాన్ని గుండె మీద కుట్టుకుని పరిగెత్తడం వల్ల పోయినది రాదు గాని, పోయిందన్న సంగతి పదిమందికీ తెలుస్తుంది. ఆ పదిమందీ కలిసి అరిస్తే దాన్ని అభిమానం అంటారు.

ఈ శాస్త్రాన్ని నిత్యం పఠించేవారికి నకిలీ జెర్సీ బేరంలో జయం, టీకొట్టు వాదనలో ఆఖరి మాట దక్కుతాయి. ఊరికి మాత్రం ఒక హెచ్చరిక. రేపెవరైనా గుంటూరులో క్లబ్బు పెట్టి, చొక్కా మీద ఎర్రటి మిరపకాయ వేస్తామని చందాలకు వస్తే చందా ఇవ్వండి, చప్పట్లు కొట్టండి. మిరపకాయ వద్దు, కోహినూరే మళ్లీ వేసుకోండని చెప్పండి. అయినా వినకపోతే ఆ సాయంత్రమే మిరప విత్తనాలు కాసిని మూటగట్టి అటక మీద దాచుకోండి.