నిచ్చెన కొని కర్రలు అమ్మినవాడు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కొండ మీంచి పడటానికి కూడా రేటు ఖరారు చేసి పెట్టారు. పది అడుగులకు ఒక పాచిక చొప్పున దెబ్బ, ఎంత ఎత్తయినా ఇరవై పాచికలకు మించదు. అంటే 200 అడుగుల మీంచి పడ్డా, మబ్బుల్లోంచి పడ్డా దెబ్బ ఒకటే. పాచికలన్నీ ఆర్లే చూపించినా మొత్తం 120. ఇరవయ్యో లెవెల్‌కు చేరిన యోధుడు కాస్త ఒళ్లు గట్టివాడైతే అతనికి 180 పైచిలుకు హిట్ పాయింట్లు, అంటే అంత దెబ్బ తట్టుకునే ఓపిక, ఉంటాయి. లెక్కలొచ్చిన యోధుడు కోట బురుజు మీంచి మెట్లు దిగి ఎందుకొస్తాడు? దూకుతాడు. దూకి, అక్కడే ఎనిమిది గంటలు నిద్రపోతాడు. 2014 నాటి అయిదో ఎడిషన్ నియమాల పుస్తకం ప్రకారం, లేచేసరికి పోయిన పాయింట్లన్నీ తిరిగి వచ్చేస్తాయి. గాలి అడ్డుపడటం వల్ల పడే వేగానికి ఒక హద్దుంటుంది కదా అని ఈ నియమానికి వకాల్తా పుచ్చుకునే వాళ్లున్నారు. ఉంటుంది. మనిషి ఆ హద్దు అందుకోవడానికి మాత్రం 200 అడుగులు ఏ మూలకూ చాలవు. పోనీ అందుకున్నాడే అనుకుందాం, ఆ వేగంతో నేలకు తగిలినవాడు బట్టలు దులుపుకుని లేస్తాడని ఏ భౌతికశాస్త్రమూ పూచీ పడదు.

‘డ్రాగన్లు నిప్పులు కక్కే ఆటలో ఈ చాదస్తం ఏమిటండీ?’ అని ఒక పెద్ద ఆక్షేపణ ఉంది. డ్రాగన్లతో నాకు పేచీ లేదు. ‘మాయాబజార్’లో లడ్లు తమంతట తామే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే థియేటర్లో ఒక్కడూ లేచి అడగలేదు. అదే లడ్డూను చిదిపి బూందీగా అమ్మితే ఎనిమిది రెట్లు పలుకుతుందని చెబితే మాత్రం నేల టికెట్టు వాడు కూడా ఊరుకోడు. మాయ అని ముందే చెప్పినదాన్ని నమ్మడానికి మనం సిద్ధపడే వస్తాం. మాయ కానిది, మనకు తెలిసినట్టే నడవాలి.

బూందీ మాట ఊరికే రాలేదు. 2003లో వచ్చిన 3.5 ఎడిషన్ సామాన్ల పట్టిక కొన్నాళ్లుగా నా బుర్ర తొలిచేస్తోంది. అందులో పది అడుగుల నిచ్చెన ధర 5 రాగి నాణేలు. పది అడుగుల కర్ర ధర 2 వెండి నాణేలు, అంటే 20 రాగి. నిచ్చెనకు నిలువు కర్రలు రెండు. మెట్లు పీకేస్తే 5 నాణేల సరుకు 40 అవుతుంది! సరుకు తిరిగి అమ్మితే సగం ధరే వస్తుందని అదే పుస్తకం అంటుంది. సరే, 20 అనుకోండి, నాలుగింతలు. నిచ్చెన కర్రలు సన్నవేమో అంటారా? బరువులూ అచ్చువేశారు: నిచ్చెన 20 పౌండ్లు, కర్ర 8. రెండు కర్రలకు 16 పోను మెట్లకు 4 మిగిలాయి. తూకం అంత ముచ్చటగా కుదిరింది! తూకం వేసినవాడికి ధర వేసినవాడితో మాటల్లేవు కాబోలు. అక్కడ మామూలు కూలీకి రోజుకు ఒక వెండి నాణెం. ఒక నిచ్చెన విప్పితే ఒకటిన్నర రోజుల కూలి మిగులుతుంది. ఈ మాట బయటికి పొక్కితే ఆ రాజ్యంలో ఒక్కడూ డ్రాగన్ గుహకు పోడు, అందరూ వడ్రంగి ఇంటి ముందు బారులు తీరతారు. 2014లో దీన్ని దిద్దారు: నిచ్చెన 10 రాగి, కర్ర 5. రెండు కర్రలు సరిగ్గా ఒక నిచ్చెన. మెట్లు, మేకులు, వడ్రంగి చెమట, అన్నీ ఉచితం. పాపం, వడ్రంగికి ఏ ఎడిషన్లోనూ కలిసి రాలేదు.

మళ్లీ దూకిన యోధుడి సంగతికి వస్తే, హిట్ పాయింట్లంటే ఒట్టి రక్తమాంసాలు కావు, నేర్పూ అదృష్టమూ కలిపిన లెక్క అని సృష్టికర్తల్లో ఒకరైన గారీ గైగాక్స్ 1979లోనే సమాధానం చెప్పాడు. కత్తిపోటు వరకూ ఒప్పుకుంటాను, తప్పుకున్నాడనుకోవచ్చు. రాతినేల దగ్గర తప్పుకోవడానికి చోటేదీ? రెండో సృష్టికర్త డేవ్ ఆర్నెసన్ ఇచ్చిన ఆచూకీ నాకు ఎక్కువ నచ్చింది. ఈ లెక్కను తాను ఇనుప యుద్ధనౌకల ఆట నుంచి తెచ్చుకున్నానని ఆయన చెప్పాడు. ఓడకు చిల్లులు పడతాయి, రేవుకు చేరుస్తారు, అతుకులు వేస్తారు, మళ్లీ కొత్తదై బయల్దేరుతుంది. ఇక్కడ నాకు నవ్వు కాస్త తగ్గుతుంది. పరంజా మీంచి జారిపడ్డ తాపీ పనివాడు ఎన్ని ఎనిమిది గంటలు పడుకుంటే ఆ నడుము మునుపటిదవుతుంది? నిద్ర లేచేసరికి ఒళ్లు కొత్తదవ్వాలని కోరుకోనిది ఎవరు గనక? ఈ నియమం తప్పని తెలిసినా కొట్టెయ్యడానికి నాకు చేయి రాదు.

నిచ్చెనను మాత్రం వదలను. ఆట నడిపించే డంజన్ మాస్టర్ కోసం 2024లో వచ్చిన పుస్తకంలో, నియమాలు భౌతికశాస్త్రమూ కాదు, ఆర్థిక వ్యవస్థా కాదు అని తేల్చేశారు. సబబే. ఆటగాళ్లూ తక్కువ తినలేదు. వేలమంది రైతుల్ని వరసలో నిలబెట్టి, ఆరు సెకన్లలో మైళ్ల దూరం ఈటెను చేతులు మార్పించి, చివర్లో ఆ వేగానికి తగ్గ దెబ్బ పడాలంటూ ఒక్కసారిగా న్యూటన్‌ను పిలుస్తారు. కానీ ఆర్థిక వ్యవస్థ కాదన్నవాళ్లు రాగి నాణేల దాకా ధరలెందుకు వేసినట్టు? నిచ్చెన పక్కన ఆ గడి ఖాళీగా వదిలేసి, ‘ఊళ్లో ఎవరినైనా అడిగి తెచ్చుకోవాలి, పనయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి’ అని రాసి ఉంటే సరిపోయేది.