చిన్న ఇంగ్లండు యాత్రికుడికి ఒక ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

అవతారిక: లండన్ చూడబోయేవారికి సలహాల కొదవ లేదు. గొడుగు మరవకు, ఎస్కలేటరు మీద కుడి పక్కన నిలబడు, రైలుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు చూసుకో, అంటూ పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి. ఆ లండన్‌లో కూర్చుని జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880 నుంచి తవ్వించిన కోలారు బంగారు గనుల ఊరికి, దొరలు ముద్దుగా చిన్న ఇంగ్లండు అని పిలుచుకున్న కె.జి.ఎఫ్.కి, పోయేవాడికి మాత్రం చెప్పే నాథుడు లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ పద్యం. పద్యం నాదే, టీకా నాదే. కాళిదాసుకు కొలచెలమ మల్లినాథసూరి దొరికాడు. నాకు నేను తప్ప ఎవరూ దొరకలేదు. మూలంలో లేనిది రాయనని ఆ మహానుభావుడు ప్రతిజ్ఞ పట్టాడు. నేనలాంటి ఒట్టేమీ పెట్టుకోలేదు.

మూలం:

ఆ. గొడుగు పట్టు, నీళ్లు కొనిపొమ్ము వెంటను
గుంత లోతు చూడఁ గోరవలదు
దిబ్బ నెక్కి నీవు తీయింపకుము సెల్ఫి
మారికుప్ప రైలు మరువకయ్య

ప్రతిపదార్థం: అయ్య = ఓ యాత్రికుడా; గొడుగు పట్టు = ఛత్రమును ధరింపుము; నీళ్లు = సీసాలోని జలములను; వెంటను కొనిపొమ్ము = కూడ తీసికొని పొమ్ము; గుంత లోతు = షాఫ్టు యొక్క అగాధమును; చూడఁ గోరవలదు = తొంగిచూడ ముచ్చటపడరాదు; దిబ్బ నెక్కి = సైనైడు గుట్టను ఆరోహించి; నీవు = నీవే, పక్కవాని నెక్కించినను దోషమే; సెల్ఫి = స్వీయచిత్రమును; తీయింపకుము = తీయించుకొనకుము; మారికుప్ప రైలు = మారికుప్పం స్టేషను నుండి బయలుదేరు ధూమశకటమును, ఇప్పుడు ధూమము లేదు; మరువకు = విస్మరింపకుము.

తాత్పర్యం: ఎండకు జాగ్రత్త, దాహానికి జాగ్రత్త, మూతపడ్డ గనికి దూరం, దుమ్ముకు దూరం, సాయంత్రానికి ఇల్లు.

విశేషాలు: గొడుగు అనగానే లండన్ చదువరికి వాన గుర్తొస్తుంది. ఇక్కడ అది ఎండ గొడుగు. దొరల బంగళాల చుట్టూ చెట్లున్నాయి గాని దిబ్బల పక్క నీడ కరువు. నీళ్ల సంగతి ఇంకా లోతైనది. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. పాలారు పేరుకు ఏరు. దాని మీది బేతమంగలం చెరువు నుంచే గనుల ఊరికి నీళ్లు తెచ్చుకున్నారు. 2018 నుంచి బెంగళూరు వాడి వదిలేసిన నీళ్లను శుద్ధి చేసి కోలారు చెరువుల్లోకి పంపుతున్నారు. కాబట్టి సీసా కొనడానికి సిగ్గుపడనక్కర లేదు. "కొనిపొమ్ము" అన్నచోట శ్లేష ఉంది: తీసుకుపో అనీ, డబ్బిచ్చి కొనుక్కుపో అనీ.

శంక: బంగారుపేటలో రైలు మారేటప్పుడు తినే పానీపూరి ప్రసక్తి పద్యంలో లేదేమి? రంగు లేని తేట నీళ్లు పోసే ఆ పూరి కోసమే దిగేవాళ్లున్నారు కదా?

సమాధానం: నిజమే. కానీ పానీపూరిలో మూడు గురువులు వరసగా కూర్చున్నాయి. రెండో పాదంలోనూ నాలుగో పాదంలోనూ అన్నీ సూర్యగణాలే, వాటిలో అది ఇమడదు. మూడో పాదంలో ఎలాగోలా ఇరికిద్దామంటే అక్కడ సెల్ఫీ ముందే సీటు పట్టుకుంది. పద్యంలో లేకపోయినా తినవచ్చు. కమ్మసంద్ర కోటిలింగేశ్వరం, గుట్టహళ్లి బంగారు తిరుపతి కూడా ఈ లెక్కలోవే. ఛందస్సుకు అందలేదు, ఆటోకు అందుతాయి.

ఇక "గుంత". ఇక్కడ టీకాకారుడు కాస్త కూర్చోక తప్పదు. కె.జి.ఎఫ్. సినిమా చూసి వచ్చినవాళ్లు దిగీ దిగగానే నరాచి ఎక్కడని అడుగుతారు. 2018లో, 2022లో రెండు భాగాలుగా వచ్చిన ఆ సినిమాలోని నరాచి కవికల్పితం. అసలు గని భూమిలోకి నిలువునా దిగిన షాఫ్టు, దాని నుంచి అడ్డంగా చీలిన దారులు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా దిగింది. అడుగున రాయి ఒళ్లు కాలేంత వేడి. ఒత్తిడికి రాయి దానంతటదే పేలేది. దాన్ని రాక్‌బర్స్ట్ అన్నారు. కింద మనుషులు పోయేవారు, పైన ఇళ్లు అదిరేవి. అదే లోతు శాస్త్రజ్ఞులకు వరమైంది: భారత, జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులు 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను ఆ గనిలోనే పట్టారు. 120 ఏళ్లలో 800 టన్నులకు మించి బంగారం ఇచ్చి, తీసే ఖర్చు వచ్చే బంగారాన్ని మించిపోయాక, 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. పంపులు ఆగాయి, నీళ్లు ఎక్కాయి. ఇప్పుడు తొంగిచూస్తే కనిపించేది తాళం, కావలివాడు. ఆయన్ని బతిమాలవద్దు. ఆయన ఉద్యోగం ఆయనది.

శంక: మరి చిన్న ఇంగ్లండు ఎక్కడ?

సమాధానం: బంగళాలున్నచోట, క్లబ్బు ఉన్నచోట, గోల్ఫు ఆడినచోట. శివసముద్రం నుంచి కరెంటు 1902లోనే ఇక్కడికి వచ్చింది. బెంగళూరు వీధి దీపాలు 1905 దాకా ఆగాయి. అయితే ఆ కరెంటు ముందు గని యంత్రాలకు, దొరల ఇళ్లకు. తడికెలు కట్టుకుని లైన్లలో బతికిన కూలీలకు ఇంగ్లండు పక్క వీధే అయినా చాలా దూరం. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి, కోలారు పల్లెల నుంచి తెలుగువాళ్లు ఆ లైన్లకు చేరారు. అందుకే నేటికీ దారి తెలుగులో అడిగితే జవాబు తమిళంలో రావచ్చు, బోర్డు కన్నడంలో ఉంటుంది. అర్థమవుతుంది, కంగారు పడకండి. బంగళా ఫొటో తీసేవాళ్లు లైన్ల వైపు కూడా ఒకసారి నడిచి రావాలని టీకాకారుడి మతం.

"దిబ్బ": రాయి పొడిచేసి, సైనైడుతో బంగారం కరిగించి తీశాక మిగిలిన పిండి. అలా పోసిన దిబ్బలు 13, సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు. గాలి లేచిన రోజున ఆ పిండి వంటింట్లోకీ వస్తుంది, ఊపిరితిత్తుల్లోకీ వస్తుంది. ఇందులో ఇంకా బంగారముందని, దాన్ని తీయడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. మన కాలి కింద కోట్లున్నాయని సెల్ఫీకి ఎగబాకేవారికి ఒక మాట: వర్షాలకు కోసుకుపోయిన గట్టు అది, అంచు నిలవదు. సెల్ఫీ ఎవరికివారు తీసుకునేదైతే "తీయింపకుము" ఎలా కుదురుతుందని వైయాకరణులు అడగవచ్చు. గణాల కోసం.

"మారికుప్ప రైలు": బంగారుపేట నుంచి దాదాపు 16 కిలోమీటర్ల కొమ్మ లైను, 1894 నాటిది, మారికుప్పంతో ఆఖరు. పద్యంలో సున్న రాలిపోయింది, రైల్వేవారు మన్నించాలి. గని కోసం వేసిన ఈ లైను గని పోయాక ఊరిని మోస్తోంది. గని కార్మికుల పిల్లలు, మనుమలు వేలమంది రోజూ తెల్లవారుజామున దీనిలో బెంగళూరు పనులకు పోయి రాత్రికి తిరిగొస్తారు. యాత్రికుడిది ఎదురు ప్రయాణం గనుక పొద్దున సీటు దొరుకుతుంది. రాత్రి అక్కడే ఉండి తెల్లవారి బండికి తిరిగి వచ్చేవారికి ఒక్కటే విన్నపం: కిటికీ పక్క సీటు కోసం పోట్లాడకండి, అది రోజూ పోయేవాళ్లది.