ముత్యంపేట 15 ప్రో

పద్నాలుగు అచ్చిరాదట. అందుకని పదమూడు తర్వాత పద్నాలుగును కాలువ దాటినట్టు దాటేసి, 2025 నవంబర్ 13న వన్‌ప్లస్ కంపెనీ తిన్నగా 15వ నంబరు ఫోన్‌ను మన బజార్లో దించింది. చైనా భాషలో నాలుగు అనే మాట, చావు అనే మాట ఇంచుమించు ఒక్కలాగే పలుకుతాయి. నాలుగు తోక ఉన్న అంకె అంటేనే వాళ్లకు గిట్టదు. వెనకట 3 తర్వాత 5 తెచ్చిందీ ఇందుకే. చిప్పు చూస్తే చందమామ మీద దిగేటంత, పట్టింపు చూస్తే పంచాంగమంత. మనం నవ్వే పని లేదు లెండి. బోరు వేయాలంటే అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు వెతికే ఊళ్లు మనవి.

నా మంట వేరు. అచ్చిరాని అంకెను ఇంత సులువుగా దాటేయొచ్చని మాకెవరూ చెప్పలేదే! మా జగిత్యాల జిల్లాలో కోరుట్ల, మెట్‌పల్లి, మల్లాపూర్ జనానికి ఆ పద్నాలుగు గురించి విప్పి చెప్పక్కర్లేదు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీని వంద రోజుల్లో సర్కారు చేతికి తీసుకుంటాం అన్న మాట 2014 ఎన్నికల నాటిది. ఆ వంద రోజులు ఇంకా గడుస్తూనే ఉన్నాయి. ఈలోగా 2015 డిసెంబర్లో లే ఆఫ్ నోటీసు అంటించి గేటుకు తాళం వేశారు. చైనా వాళ్ల తెలివే ఉంటే 2013 తర్వాత డైరెక్టుగా... వద్దు, 2015 కూడా మనకు అచ్చిరాలేదు. అసలు దాటాల్సి వస్తే 2002 దగ్గర మొదలుపెట్టాలి. ముత్యంపేట ఫ్యాక్టరీ కూడా కలిసి ఉన్న నిజాం షుగర్స్‌లో 51 శాతం ప్రైవేటు చేతిలో పెట్టిన ఏడాది అది.

ఈ కొత్త ఫోన్ లోపల నడిచేది ఆక్సిజన్ ఓఎస్ 16. దాని కింద ఆండ్రాయిడ్ 16. దానికి గూగుల్ వాళ్లు ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు బక్లావా. తుర్కీ దేశపు మిఠాయి అది, పొరపొరకూ పాకం. ఆండ్రాయిడ్‌కు మొదటి నుంచీ తీపి జిహ్వే. కప్‌కేక్, డోనట్, ఎక్లేర్ అని అక్షరాల వరసలో ఒక్కో మిఠాయి తింటూ పెరిగింది. 2013లో అది కిట్‌క్యాట్ తింటుంటే ముత్యంపేట గొట్టంలోంచి ఇంకా పొగ వస్తోంది. 2014లో లాలీపాప్. మాకూ అదే ఏడాది అదే ఇచ్చారు, చప్పరిస్తూనే ఉన్నాం. 2015 అక్టోబర్లో మార్ష్‌మాలో. అంటే గుండెల దాకా చక్కెర దట్టించిన మెత్తటి ముద్ద. అది వచ్చిన రెండు నెలలకే ఇక్కడ చక్కెర ఆగింది. తర్వాత నూగట్, ఓరియో, పై. మా ఫ్యాక్టరీ మాత్రం మార్ష్‌మాలో దగ్గరే ఉంది, ఆపైన అప్‌డేట్ రాలేదు.

2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చింది. ఇక బయటికి మిఠాయి పేర్లు పెట్టం, ఒట్టి నంబర్లే అన్నారు గూగుల్ వాళ్లు. సరిగ్గా అదే ఏడాది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ మా ఫ్యాక్టరీని నడిపిన నిజాం దక్కన్ షుగర్స్‌ను లిక్విడేషన్‌కు పంపింది. లోకంలో చక్కెర అయిపోయిందని అందరికీ ఒకేసారి కబురు అందిందనుకున్నా.

అప్పుడు తట్టింది మన తప్పేమిటో. పదేళ్లుగా ఫ్యాక్టరీని ఫ్యాక్టరీ అని అడుగుతున్నాం. ఫోన్ అని అడగాల్సింది. ఫోన్ అంటే తేదీ ముందే చెప్తారు. ఫలానా రోజు, ఫలానా గంటకు, ఫలానా ధర అని హోర్డింగులు కడతారు. కాబట్టి జగిత్యాల జిల్లా ప్రజల తరఫున నేనే 'ముత్యంపేట 15 ప్రో'ను లాంచ్ చేస్తున్నా. పదిహేను అంటే తాళం పడ్డ ఏడాది. ప్రో అంటే ప్రొసీడింగ్స్.

ముందు తెర సంగతి. వన్‌ప్లస్ 15 తెర సెకనుకు 165 సార్లు రిఫ్రెష్ అవుతుందట, కళ్లకు మెత్తగా ఉంటుందట. మా తెర అయిదేళ్లకు ఒక్కసారే రిఫ్రెష్ అవుతుంది, కళ్లకు నీళ్లొస్తాయి. సైజులో మాత్రం మాతో ఎవరూ పోటీకి రాలేరు. కోరుట్ల, జగిత్యాల సెగ్మెంట్లున్న నిజామాబాద్ పార్లమెంటు స్థానంలో 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు కోపమొచ్చి నామినేషన్లు వేస్తే 185 మంది అభ్యర్థులయ్యారు. ఒక్క ఓటు కోసం బూత్‌లో 12 ఓటింగ్ మిషన్లు వరసగా పరిచారు. అంత పెద్ద డిస్‌ప్లే శాంసంగ్ వాడు కూడా చేయలేదు. టచ్ కూడా బాగానే పనిచేసింది.

ప్రాసెసర్ రోజుకు 2,500 టన్నుల చెరకు నమిలే రకం. వేడెక్కుతుందన్న భయం లేదు, బాయిలర్ పదేళ్లుగా చల్లగా ఉంది. కొత్త ఫోన్ నీళ్లలో పడినా ఏమీ కాదంటున్నారు. మా రోలర్లు పది వానాకాలాలు తడిశాయి, అయినా ఇప్పటికీ రోలర్లనే అంటున్నాం. ఇక బ్యాటరీ. వాళ్లది 7,300 ఎంఏహెచ్, రెండు రోజులు వస్తే గొప్ప. మాది ఒక్క హామీతో నిండు అయిదేళ్లు నడుస్తుంది. ఛార్జర్ మీటింగు వేదిక మీదే ఉంటుంది, మైకు వైరుతో కలిపి.

అసలు విషయానికి వస్తే, మా ముత్యంపేట ఫోన్‌లో ఒక లోపం ఉంది. దాచను. కోరుట్లలో ఫోన్లు బాగుచేసే ఓ కుర్రాడి దగ్గర నా పాత ఫోన్ పెడితే చూసి, "బూట్ లూపుల పడ్డది సార్" అన్నాడు. స్విచ్ వేస్తే లోగో వస్తుంది, వెలుగుతుంది, సంగీతం కూడా వినిపిస్తుంది, ఇక ఆన్ అయింది అనుకునేలోపు నల్లబడి మళ్లీ లోగో దగ్గరికే పోతుంది. నాకు వెంటనే ఊరి ఫ్యాక్టరీ కళ్ల ముందు ఆడింది. 2002లో అమ్మారు. తర్వాత వచ్చిన సర్కారు ఆ అమ్మకం మీద సభాసంఘం వేసింది. లోగో వచ్చింది, నల్లబడింది. 2014లో వంద రోజులు. లోగో, నలుపు. 2023 ఎన్నికల్లో మళ్లీ తెరిపిస్తామన్నారు. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. పెద్ద లోగో, మంచి రంగుల్లో. ఆ కమిటీ వచ్చి మిషన్లు చూసి వెళ్లింది. బ్యాంకుల బాకీకి వన్ టైమ్ సెటిల్‌మెంట్ కూడా కుదిరింది. ఈఎంఐ కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు ఫోన్ లాక్ చేస్తారు చూడండి, ఆ లాక్ తీసే పని అది. మంచిదే. ఇక స్విచ్ ఎవరు వేస్తారన్న దగ్గర మళ్లీ లోగో తిరుగుతోంది.

మల్లాపూర్ దారిలో చాయ్ తాగుతూ, వెనకట అదే ఫ్యాక్టరీలో సీజన్ పని చేసిన ఒక పెద్దమనిషిని అడిగా, "ఈసారన్నా ఆన్ అయితదా కాకా?" అని.

"లోగో అయితే మస్తుగ అస్తది బిడ్డా. అటెన్క సూడు."

అటెన్క చూస్తూనే ఉన్నాం.

వన్‌ప్లస్ వాళ్ల నినాదం 'నెవర్ సెటిల్'. రాజీపడొద్దు అని దాని భావం అట. మా కార్మికుల జీతాల బకాయి ఫైలు మీద రాసిన మాటను వీళ్లెప్పుడు చూసి కాపీ కొట్టారో తెలియదు. ఇంకో విచిత్రం. ఆ కంపెనీ హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో పదహారు వేల చదరపు అడుగుల పెద్ద షోరూం కట్టి, దానికి 'నిజాం ప్యాలెస్' అని పేరు పెట్టుకుంది. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం చక్కెర పేరు మన దగ్గర తుప్పు పట్టింది, ఫోన్లమ్మే చోట మాత్రం ఆ పేరుకు అద్దాల మెరుపు వచ్చింది. ఇకనుంచి 'నిజాం' అని వెతికితే మ్యాప్ అక్కడికే దారి చూపిస్తుంది కాబోలు.

ధర కూడా చెప్పాలి కదా. ఆ ఫోన్ వచ్చినప్పుడు ధర 72,999 రూపాయల నుంచి మొదలు. 2025-26 సీజన్‌కు కేంద్రం చెరకుకు ఇచ్చిన ధర క్వింటాలుకు 355 రూపాయలు. అంటే ఒక ఫోన్‌కు ఇరవై టన్నులన్నర చెరకు. అరెకరానికి పైగా తోట, పదకొండు పన్నెండు నెలల నీళ్లు, ఎరువు, కటింగ్ కూలీలు, లారీ కిరాయి. అదీ కాంటా ఎక్కితేనే. ఇక్కడ కాంటాయే లేదు. తాళం పడ్డాక ఈ చుట్టుపక్కల చెరకు ఆర్మూరు దాటి కామారెడ్డి ఫ్యాక్టరీ దాకా లారీల మీద ఎండుతూ పోయింది. ఎండిన కొద్దీ తూకం తగ్గుతుంది. అది చూసి చూసి చాలామంది తోటలు దున్నేసి వరి వేశారు. ఇప్పుడు అడిగితే పెద్దలు ఏమంటారు? చెరకు ఉంటే కదా ఫ్యాక్టరీ తెరిచేది. రైతు ఏమంటాడు? ఫ్యాక్టరీ తెరిస్తే కదా చెరకు వేసేది. ఛార్జింగ్ లేకపోతే ఆన్ కాదు, ఆన్ అయితే తప్ప ఛార్జింగ్ ఎక్కదు. చెరకు నరికిన మోడు నుంచి తిరిగి లేచే పంటను మా దిక్కు మోడెం అంటారు. నెట్‌వర్క్ లేని మోడెం అయిపోయింది అది.

నా పాత ఫోన్ గురించి ఆ కుర్రాడు చివరికి చెప్పిన మందు ఒక్కటే. "ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలె సార్." మొదటి రోజు డబ్బాలోంచి తీసినప్పుడు ఎట్లా ఉందో అట్లా అయిపోతుందట. ఆ మాట విని కాసేపు ఏమీ అనలేకపోయా. లోకంలో ప్రతి ఫోన్‌కూ ఆ బటన్ ఉంది. ఆ బటన్ పేరులోనే ఫ్యాక్టరీ ఉంది. నొక్కబోతే ఒక హెచ్చరిక వస్తుంది: మీ డేటా మొత్తం పోతుంది, సరేనా?

సరే అందామంటే, మాకు పోవాల్సిన డేటా ముందే పోయింది. క్రషింగ్ సీజన్ మొదలయ్యే నవంబర్ నెలలో సైరన్ విని నిద్ర లేచిన ఊరు అది. గేటు ముందు రాత్రంతా చెరకు బండ్ల వరస, బండి కింద గడ్డి పరుచుకుని పడుకున్న మనుషులు, పాకం వాసన. ఆ గేటు లోపల పని దొరకాల్సిన పిల్లలు ఇప్పుడు దుబాయిలో, మస్కట్‌లో క్యాంపు మంచాల మీద ఉన్నారు. వేగమైన ఫోన్ ఎందుకు కావాలని మా దగ్గర ఆడవాళ్లను అడగండి. గేముల కోసం కాదు. దుబాయిలో వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి వేరే యాప్‌లో మొగుడి మొహం ముక్కలు ముక్కలు కాకుండా కనిపించాలని. బిడ్డ మొదటి అడుగు వేసింది ఫోన్లోనే చూస్తారు, తండ్రి పాడె లేచింది ఫోన్లోనే చూస్తారు. ఏడు సముద్రాల అవతలి మనిషిని అరచేతిలోకి తేగల వేగం వచ్చింది. ముత్యంపేట గేటు నుంచి హైదరాబాద్ సచివాలయానికి ఒక ఫైలు పోయి రావడానికి మాత్రం పదేళ్లు చాలలేదు. అమ్మినవాళ్లకు కారణాలున్నాయి, మూసినవాళ్లకు కారణాలున్నాయి, తెరుస్తామన్నవాళ్లకు కారణాలున్నాయి. జీతం ఆగిన ఇంట్లో పిల్లను కాలేజీ మాన్పించినవాడికే ఏ కారణమూ చెప్పలేదు ఎవరూ. ఈ సీజన్‌కు, కాదంటే వచ్చే సీజన్‌కు అన్న మాట పట్టుకుని ఎదురుచూస్తూ కన్నుమూసిన కార్మికులున్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి ఏ వెర్షన్ చూపిస్తారు?

ఫోన్ కంపెనీ వాడికి మన మీద ప్రేమేమీ లేదు. మన జేబు మీద కన్ను, అంతే. అయినా 13 అన్నాడు, 13నే తెచ్చాడు. మన ఓట్లతో గద్దెనెక్కినవాళ్లు మాకు చెప్పాల్సింది కూడా ఒక్క తేదీయే. ఏ నెల, ఏ రోజు బాయిలర్ వెలిగిస్తారు?

నాలుగో తేదీ అయినా ఫర్వాలేదు. మాకు పట్టింపు లేదు.