సగటు మనిషి, అరకొర జ్ఞాపకం

మన చట్టాల్లో ఎందరో పెద్దమనుషులు తారసపడతారు గానీ, నాకు బాగా నచ్చినాయన ఒక్కడే. ఆయన తెలివి అంతంతమాత్రం, జ్ఞాపకం అరకొర, జాగ్రత్త పూజ్యం. ఈయన గురించి చెప్పింది హాస్యరచయిత కాదు, సాక్షాత్తూ సుప్రీంకోర్టు. 'అమృతధార' అనే మందు అమ్ముకునేవాళ్లు, 'లక్ష్మణధార' అనే మందు పేరు రిజిస్టరు చేయొద్దంటూ పేచీ పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వచ్చి 1962లో తేలింది. పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసే మాట నిజమే. కానీ తలనొప్పితో కొట్టుకు వచ్చినవాడు సమాసం విడదీసి విగ్రహవాక్యం చెప్పుకోడు కదా, ఆ 'ధార' ఒక్కటీ గుర్తుపెట్టుకుని ఏదో ఒక సీసా పట్టుకుపోతాడు అని న్యాయమూర్తులు తేల్చారు.

ఆ పట్టుకుపోయేవాళ్లం మనమే.

ట్రేడ్‌మార్కు చట్టం బరువంతా ఈ సగటు మనిషి నెత్తిమీదే ఉంది. 1999 నాటి చట్టం కింద పేరు, బొమ్మ, రంగుల కూర్పు, ఏదైనా రిజిస్టరు చేయించుకోవచ్చు. సరుకులకూ సేవలకూ కలిపి 45 తరగతులు. పదేళ్లకోసారి రుసుము కడుతూ పోతే మునిమనవల కాలం దాకా హక్కు చెల్లుతుంది. తిరుపతి లడ్డూ కూడా భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకుని, 2009లో దాన్ని తెచ్చుకుంది. ఏడుకొండలవాడికే తప్పలేదు, ఇక ఏడు గజాల కొట్టువాడెంత! అయితే గొడవ కోర్టుకెక్కినప్పుడు ముందుగా చూసేది కాపీ కొట్టినవాడి మనసులో ఏముందని కాదు, మన సగటు మనిషి బోల్తా పడతాడా లేదా అని. అందుకే ఆయన్ని న్యాయశాస్త్రం చదివినవాళ్లకన్నా నకిలీ సరుకు వేసేవాళ్లే శ్రద్ధగా చదువుకున్నారు.

బస్టాండులో నీళ్ల సీసా కొనండి. అదే ఆకుపచ్చ లేబులు, అదే వంపు తిరిగిన అక్షరాలు, అదే మూత. బస్సు కదిలాక, ఏమీ తోచక లేబులు చదివితే తెలుస్తుంది, మధ్యలో రెండు అక్షరాలు కుర్చీలు మార్చుకున్నాయని. బిస్లెరి కాస్తా 'బిల్సెరి' అయి కూర్చుంది. బస్సు కదలకముందే కనిపెట్టి దిగి అడిగారే అనుకోండి, కొట్టతని సమాధానం సిద్ధంగా ఉంటుంది: "తాగేది నీళ్లా సార్, స్పెల్లింగా?"

మందుల దగ్గరికొచ్చేసరికి ఈ తమాషా చేదెక్కుతుంది. కాడిలా అనే ఒకే కుదురు నుంచి విడిపోయిన రెండు కంపెనీలు ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అని చెరొక మందు తెచ్చాయి. రెండూ మలేరియాకే, లోపలి మందులు మాత్రం వేరు. బిస్కెట్టు మారితే రుచి మారుతుందిగానీ, మందు మారితే మనిషే మారిపోవచ్చు, ఇక్కడ ఇంకా గట్టిగా చూడాలి అన్నట్టు 2001లో సుప్రీంకోర్టు హెచ్చరించింది. కంపెనీల పంపకాల్లో ఆస్తులతోపాటు అక్షరాలు కూడా తలా కాసిని పంచుకుంటే పేషెంటు గతి అంతే మరి.

బిర్యానీ హోటళ్లది ఇంకో దారి. వాళ్లు పేరు దాచరు, పేరుకి విశేషణాలు తగిలిస్తారు. ఒక హోటలుకు పేరొచ్చిందో, ఎదురుగా 'ఒరిజినల్', పక్కన 'న్యూ ఒరిజినల్', సందు చివర 'అసలు సిసలు' వెలుస్తాయి. అన్నిటి మీదా ఒకటే హెచ్చరిక: 'మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు'. ఈ బోర్డు తగిలించుకున్న రెండో బ్రాంచిని కూడా నేను చూశాను. మొదట పేరు తెచ్చుకున్నవాడు పోనీలే అని ఊరుకుంటే చట్టం కూడా పోనీలే అనే ప్రమాదముంది. లక్ష్మణధార అమ్మకాలు తెలిసీ ఏళ్ల తరబడి మాట్లాడలేదని అమృతధారవాళ్లకు అదే అయింది. పేర్లు ఒకలాగే ఉన్నాయని ఒప్పుకుంటూనే, ఉత్తరప్రదేశ్ వరకు లక్ష్మణుడికి రాజ్యం ఇచ్చేశారు.

ఇక కాపీరైటు. దీన్నీ ట్రేడ్‌మార్కునీ కలిపి రుబ్బేయడం మనకలవాటు. టిఫిన్ సెంటరు పెట్టబోతున్న మా బావమరిది "పేరుకి కాపీరైటు తీసుకుంటా బావా" అంటాడు. సినిమా కథతో తిరుగుతున్న అతని స్నేహితుడు "నా ఐడియాకి పేటెంటు" అంటాడు. ఇద్దరూ తప్పు గుమ్మమే తట్టారు. 1957 నాటి కాపీరైటు చట్టం కాపాడేది ఊహని కాదు, దాన్ని రాసిన తీరుని. రాసిన క్షణం నుంచే హక్కు, రిజిస్ట్రేషను లేకపోయినా పర్వాలేదు, రచయిత పోయాక కూడా 60 ఏళ్లు నడుస్తుంది. 'హమ్ హిందుస్తానీ' అనే నాటకాన్ని ఎత్తి 1956లో 'న్యూఢిల్లీ' అనే సినిమా తీశారని నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన దావా 1978లో తేలింది. ప్రాంతాల మధ్య ఈసడింపులు అనే ఇతివృత్తం ఎవడబ్బ సొమ్మూ కాదు, రెండూ చూసినవాడికి ఇది అదేనని నిస్సందేహంగా అనిపిస్తేనే చౌర్యం అన్నారు. ఇక్కడా తీర్పరి మన సగటు ప్రేక్షకుడే. ఈ తీర్పుని మన సినిమావాళ్లు చదివారో లేదో తెలియదుగానీ ఆచరణలో పెట్టడంలో ఏ లోటూ చేయలేదు. విదేశీ కథలో మంచు తీసి గోదావరి గట్టు పెడితే అది కాపీ కాదు, స్ఫూర్తి.

విచిత్రం ఏమిటంటే, కథకి లేని పట్టింపు టైటిలుకుంది. సినిమా పేరుకు కాపీరైటు లేదని 'దేశీ బాయ్స్' గొడవలో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఫిలిం చాంబరులో రిజిస్టరైన టైటిలంటే మనకు వేదవాక్కు. 2010లో టైటిళ్లు అప్పటికే వేరేవాళ్ల పేరన ఉండటంతో 'ఖలేజా' కాస్తా 'మహేష్ ఖలేజా' అయింది, 'కత్తి' కాస్తా 'కల్యాణ్‌రామ్ కత్తి' అయింది. హీరో పేరునే ఇంటిపేరుగా పెట్టుకుంటే దారి దొరికింది.

చట్టం మరీ కర్కశమేం కాదు. పెళ్లి ఊరేగింపులో సినిమా పాట వాయించుకుంటే కాపీరైటు ఉల్లంఘన కాదని మినహాయింపు రాసిపెట్టారు. చెవులకు జరిగే ఉల్లంఘనకి మాత్రం వేరే చట్టం వెతుక్కోవాలి.

ఇంత దయగల చట్టం పైరసీ దగ్గర కన్నెర్ర చేస్తుంది. కాపీరైటు ఉల్లంఘనకి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాల్లో దొంగతనంగా సినిమా రికార్డు చేస్తే నిర్మాణ ఖర్చులో ఐదు శాతం దాకా జరిమానా వేయొచ్చన్నారు. అయినా శుక్రవారం విడుదలైన బొమ్మ శనివారానికి ఫోన్లో ఉంటుంది. ఒక సైటుని మూసేస్తే చివర అక్షరం మార్చుకుని ఇంకోటి తెరుచుకుంటుంది. సీసా మీద రెండు అక్షరాలు తారుమారైతే గుర్తించలేని మన సగటు మనిషి, ఈ సైటు పేరు ఎన్ని వేషాలు మార్చినా పొల్లు పోకుండా టైపు చేస్తాడు. అదే పేరుతో వెలిసిన నకిలీ పైరసీ సైట్లను దూరం నుంచే పసిగడతాడు. పొరపాటున ఎవరైనా అందులోకెళ్తే "అది డూప్లికేటు, వైరసొస్తుంది, ఒరిజినల్ లింకు నేను పంపుతానుండు" అని జాగ్రత్త చెబుతాడు.

అసలుకి విలువ పోయిందని బాధపడేవాళ్లు కాస్త ఊరట చెందొచ్చు. దొంగ సరుకులోనైనా సరే, మనవాడికి అసలైనదే కావాలి.